మ్యాచికొచ్చిన డప్పు

రంగూన్‌లోని చిమిండైంగ్ పేటలో మొన్న ఒకాయన పోయాడు. మా తెలుగువాళ్ళలో ఎవరు పోయినా సందు చివరిదాకా డప్పుతో నడిపించి, అక్కడ వ్యాను ఎక్కించి శ్మశానానికి తీసుకెళ్ళడం ఆనవాయితీ. ఆయనకి మాత్రం డప్పు లేదు. ఆ డప్పు వాయించడం తెలిసిన ఆఖరి మనిషి ఆయనే మరి. శవం లేవాల్సిన వేళకి పెద్దలంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. చివరికి ఆయన కూతురు ఫోన్‌లో ఒక వీడియో వెతికి పట్టుకుంది. అది మా కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచి. స్టాండులో ఆయన వాయిస్తుంటే ఎవరో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టింది. దాన్నే చిన్న స్పీకరుకి తగిలించారు. మళ్ళీ మిలిటరీ పాలన వచ్చాక ఇప్పుడు మా ఊళ్ళో నలుగురు చేరి చప్పుడు చేయాలంటేనే జంకు కాబట్టి సౌండు బాగా తగ్గించారు. అయినా డప్పుతో పాటు ఈలలూ బూరలూ వినిపిస్తూనే ఉన్నాయి. మధ్యలో "గోల్!" అని స్టాండంతా పెట్టిన కేక కూడా వచ్చింది. పాడె మోస్తున్నవాళ్ళు ఉలిక్కిపడి, మళ్ళీ సర్దుకుని నడిచారు. నేను గోడవారగా నిలబడి మొహం తుడుచుకుంటుంటే ఎవరో వచ్చి భుజం తట్టారు. ఏడుస్తున్నాననుకున్నారు కాబోలు. ఏడుపు తర్వాత వచ్చింది. అప్పటికి నాకున్నది సిగ్గే.

ఆయన్ని పేరు పెట్టి ఎవరైనా పిలవగా నేను వినలేదు. కాలేజీ పిల్లలు ఊలే అనేవారు. బర్మా భాషలో బాబాయినో మావయ్యనో పిలిచే మాట అది. మావాళ్ళు డప్పాయన అనేవారు. మా అమ్మ అదీ అనేది కాదు, ఆ మనిషి అనేది. పొద్దున్నే ఆ మనిషి ఎదురొస్తే మా నాన్న కొట్టు తాళం తీయకుండా కాసేపు అటూ ఇటూ తిరిగి, దేవుణ్ణి తలుచుకుని అప్పుడు తీసేవాడు. కొట్టు లత అనే పేటలో. అన్నీ ప్లాస్టిక్ సామాన్లే. బకెట్లు, బుట్టలు, నీళ్ళ పండక్కి పిచికారీలు, మ్యాచిలకి ఈలలూ బూరలూ. మా తాతలు వ్యాపారానికని విశాఖపట్నం నుంచి వచ్చారు. ఆయన తాతలు రేవులో బస్తాలు మోయడానికి వచ్చారు. ఒకే ఓడలో వచ్చి ఉన్నా ఆశ్చర్యం లేదు. బర్మావాళ్ళ కంటికి మేమంతా ఒకటే, కలాలం. ఇండియా నుంచి వచ్చినవాళ్ళని అనే ఆ మాట వాళ్ళు ముద్దుగా ఏమీ అనరు. అది తెలిసి కూడా మా నాన్న ఆ మనిషికీ తనకీ మధ్య గీత చెరగనిచ్చేవాడు కాదు.

డప్పు ఆయనకి బతుకుతెరువు కాదు. నేను కాలేజీలో చేరేనాటికి చిమిండైంగ్ నుంచి మింగళాడోన్ వెళ్ళే బస్సులో స్పేర్‌గా ఉండేవాడు. కండక్టర్ని మా ఊళ్ళో స్పేర్ అంటారు. లుంగీ మోకాళ్ళ పైకి ఎగగట్టి, ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతూ, నోటినిండా కిళ్ళీతో దారిలో ఉన్న స్టాపులన్నీ ఒక్క ఊపిరిలో చదివేసేవాడు. బస్సు కదలాలంటే రేకు మీద అరచేత్తో కొట్టాలి. మిగతా స్పేర్లు ఏదో రెండు దెబ్బలు వేసి ఊరుకునేవారు. ఈయన మాత్రం డ్రైవరు తిట్టేదాకా వాయిస్తూనే ఉండేవాడు.

మ్యాచికి వెళ్తున్న మా కాలేజీ పిల్లలు ఒకసారి ఆ బస్సెక్కి, ఆయనతో పోటీపడి సీట్లూ కిటికీలూ బాదారట. స్టాండులో అందరిచేతా అరిపించే పని మా క్లాసు తూరాది. వాడు గ్రౌండు దగ్గర దిగుతూ, "ఊలే, మీరూ రాకూడదూ?" అన్నాడట. మర్యాదకన్నాడో వేళాకోళానికన్నాడో వాడికే తెలియదు. ఈయన మాత్రం పై మ్యాచికి పని మానేసి, డప్పు చంకన పెట్టుకుని దిగిపోయాడు.

నేను ఆయన్ని కాలేజీ గ్రౌండులో మొదటిసారి చూసినప్పుడు గేటు దగ్గర గొంతుకూర్చుని నిప్పు రాజేస్తున్నాడు. డప్పు పలకాలంటే తోలు బిగియాలి, తోలు బిగియాలంటే సెగ తగలాలి. రంగూన్ గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆయన డప్పు ఎప్పుడూ మెత్తబడే ఉండేది. పాత పేపర్లు పోగేసి మంటపెట్టి, దాని మీద డప్పుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. గేటు కాపలావాళ్ళు ఈలలు ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "కాలేజీ తగలబెడతావా?" అని ఒకడు కేకలేస్తుంటే ఈయన తాపీగా వేలితో తోలు మీద మీటి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇంకొంచెం" అన్నాడు. చుట్టూ మూగిన పిల్లలు పడీపడీ నవ్వారు. అప్పుడాయన తలెత్తి నన్ను చూశాడు.

"ఓలమ్మా! నువ్వు లత కొట్టు బాబుగోరి పాపవి కాదేటి!"

తెలుగులో. అందరి ముందూ. కాలేజీలో నా పేరు బర్మా పేరే. రంగు కొంచెం చామనఛాయ అయినా, మాట్లాడితే ఎవరూ పోల్చుకోలేరని నాకొక ధీమా ఉండేది. అది ఆ గేటు దగ్గరే ఆవిరైపోయింది. "మీ ఊలేనా?" అని పక్కనున్న అమ్మాయి అడిగింది. నేను నోరు తెరవబోయాను. ఈలోగా ఆయనే, "మా ఊరి పిల్లేనమ్మా" అని బర్మాలో చెప్పేశాడు. ఆ ఊరు మేమిద్దరమూ చూసింది లేదు.

ఆట గురించి ఆయనకి ఏమీ తెలియదు. నేర్చుకోవాలన్న యావ కూడా లేదు. హాఫ్‌టైం అయ్యాక జట్లు పక్కలు మారతాయన్న సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. "మనం ఏ పక్క, పాపా?" అని ప్రతిసారీ నన్నే అడిగేవాడు. నేను పళ్ళు బిగబట్టి వేలితో చూపించేదాన్ని. బంతి బారు మీదుగా ఎగిరిపోతే, "అది మింగళాడోన్ పోయింది, ఇంక రాదు" అనేవాడు. ఆటగాణ్ణి మార్చినప్పుడు బస్సులో అరిచినట్టే, "దిగేవాళ్ళు దిగండి, ఎక్కేవాళ్ళని ఎక్కనివ్వండి!" అని బర్మాలో కేక పెట్టేవాడు. స్టాండంతా గొల్లుమనేది. అవతలి కాలేజీవాళ్ళు మా వైపు చెయ్యి చూపించి "కలా! కలా!" అని పాటగా అరిస్తే నా చెవులు కాలిపోయేవి. ఆయన కిళ్ళీ నోటితో నవ్వి, "మనల్నే పిలుత్తన్నారు పాపా, పలుకు" అనేవాడు. పలికే ధైర్యం నాకెక్కడిది? కూర్చున్నచోటే ఇంకాస్త కిందికి జారేదాన్ని.

ఆయన ఆట చూసేవాడు కాదు, మా మొహాలు చూసేవాడు. మైదానానికి వీపు పెట్టి నిలబడి, మా కళ్ళు పెద్దవైతే దెబ్బ పెంచేవాడు, నీరసపడితే ఒక్క దెబ్బతో లేపేవాడు. గులకరాళ్ళు పోసిన నీళ్ళసీసాలు, వెదురు చిడతలు, మా కొట్టులోవే ప్లాస్టిక్ బూరలు, అన్నీ ఆ డప్పు వెనకాలే నడిచేవి. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ, తర్వాత ఊపిరి పీల్చుకునేంత ఖాళీ. ఆ ఖాళీలో అందరం గాల్లోకి గెంతి "హేయ్!" అనాలి. ఎవరూ నేర్పలేదు, దానంతట అదే కుదిరింది. కొన్ని మ్యాచిలు తిరిగేసరికి అది మా కాలేజీ దెబ్బయిపోయింది. క్యాంటీన్లో బల్లల మీద కూడా అదే.

ఆ దెబ్బ ఏమిటో ఆ స్టాండులో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా తాతయ్య పోయినప్పుడు విన్నాను, పక్కింటి పెద్దమ్మ పోయినప్పుడు విన్నాను. పాడె మోసేవాళ్ళు ఆ ఖాళీలోనే అడుగు వేస్తారు. మేం గెంతే చోట వాళ్ళు నడుస్తారు. మొదటి రోజు అది చెవిన పడగానే, ఈయనకి మతి గాని పోయిందా, ఇక్కడ వాయించాల్సిందా ఇది అని బిత్తరపోయి చూశాను. ఆయన నా చూపు పసిగట్టాడు. వెళ్ళేటప్పుడు బస్సులో నా సీటు పక్కకొచ్చి, కడ్డీ పట్టుకుని వంగి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పాపా, నాకొచ్చింది ఇదొక్కటే. మా అయ్యకి పెళ్ళి దెబ్బ తెలుసు, అమ్మోరి పండగ దెబ్బ తెలుసు. నానొచ్చీసరికి పెళ్ళిళ్ళకి క్యాసెట్టు ఎట్టీసినారు, పండక్కి బ్యాండు తెచ్చినారు. సావుకి మాత్తరం నన్నే పిలిసినారు. పిలిసిన దానికే కదా నేర్సుకుంటాం?"

బస్సు కుదుపుకి కడ్డీ మార్చి పట్టుకుని, ఆయన ఇంకాస్త వంగాడు.

"ఈల్లకి సెప్పకు తల్లీ. మనోలు నన్ను పిలిత్తే ఎవులో పోయినట్టు. సందులో నన్ను సూత్తే తలుపులేసుకుంతారు. ఈల్లు సూడు, నాను డప్పట్టుకుని రాగానే నవ్వుతారు. ఇలగ నవ్వితే సూణ్నేదమ్మా నాను ఎప్పుడూ."

చెప్పనన్నాను. చెప్పాలని నాకూ లేదు. చెప్తే అది మా దెబ్బ అని, చావు దెబ్బ తప్ప ఇంకేమీ మిగుల్చుకోని జనం మేమేనని కూడా చెప్పాలి. ఆ మాట అనుకుంటేనే ఒళ్ళు చచ్చిపోయేది. చచ్చిపోయినా, పై మ్యాచిలో దెబ్బ పడగానే అందరితో పాటు గెంతాను. గెంతకుండా ఉండడం ఎవరి తరమూ కాదు, అంత బాగా వాయించేవాడు. ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుంటూ సిగ్గుపడేదాన్ని. మళ్ళీ మ్యాచికి మళ్ళీ వెళ్ళేదాన్ని.

తర్వాత ఊళ్ళో బస్సుల పద్ధతి మారి, స్పేర్లు అక్కర్లేకుండా పోయారు. ఆయన చిమిండైంగ్‌లో ఏటి ఒడ్డున చేపల బజారులో గంపలు మోయడానికి చేరాడు. మ్యాచికొస్తే చేపల కంపు కూడా వెంట వచ్చేది. పిల్లలు ముక్కు మూసుకుని వెక్కిరిస్తూనే ఆయనకి చోటిచ్చి కూర్చునేవారు. ఆయన లేకుండా ఆట మొదలైతే తూరా గేటు వైపు చూస్తూ గోళ్ళు కొరుక్కునేవాడు.

అప్పుడే ఆ వీడియో బయటికొచ్చింది. గుడిలో ఎవరో మా నాన్నకి చూపించారు. డప్పాయన వాయిస్తున్నాడు, ఆయన ఎదురుగా జుట్టు విరబోసుకుని, చేతులు పైకెత్తి నేను గెంతుతున్నాను. నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "నడు" అని మాత్రం అన్నాడు. ఇద్దరం చేపల బజారుకి వెళ్ళాం.

అక్కడ నేలంతా తడి, ఐసు ముక్కలు, గంపలు మోసేవాళ్ళ కేకలు. నాన్న చెప్పులు తడవకుండా ఒక చెక్క మీద నిలబడి ఆయన్ని పిలిపించాడు. ఆయన గంప దించి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూడగానే, "ఏటి పాపా, మ్యాచి ఎప్పుడు?" అన్నాడు నవ్వుతూ.

"మ్యాచి సంగతి తర్వాత" అన్నాడు నాన్న. "ఏటయ్యా నువ్వు చేస్తున్న పని? శవం ముందు వాయించేది ఆడపిల్లల ముందు వాయిస్తావా? ఇంట్లో మా అమ్మ మంచాన పడి ఉంది. నా కూతురు చావు దెబ్బకి గెంతుతుంటే ఊరంతా ఫోన్లలో చూసి నవ్వుతోంది. మనవాళ్ళకి ఇంకా ఏ మర్యాద మిగిలిందని?"

చుట్టూ ఉన్న బర్మావాళ్ళకి మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమైంది. పని ఆపి చూస్తున్నారు. ఆయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్నెలా తీసెయ్యాలో తెలియనట్టు. అప్పటిదాకా ఆ మనిషికి సిగ్గనేది పుట్టలేదనుకునేదాన్ని. అక్కడ చూశాను. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, తల దించుకుని, బడిలో తప్పుచేసినవాడిలా నిలబడ్డాడు.

"తప్పేనండి బాబూ. ఇంక ముట్టుకోను."

నాన్న తలూపి వెనుదిరిగాడు. నేను ఆయన వైపు చూడలేక ఐసు ముక్కలు చూస్తూ నడిచాను. మా నాన్న అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ సాయంత్రం కొట్టులో ఎవరో మ్యాచికని బూరలు బేరమాడుతుంటే నాన్న ఒకటి నోట్లో పెట్టుకుని గట్టిగా ఊది చూపించాడు. ఆ బూరలు కూడా ఆ డప్పు వెనకాలే ఊదుతారని చెప్పే నోరు నాకు లేకపోయింది.

పై మ్యాచికి ఆయన వచ్చాడు, డప్పు లేకుండా. అలా రావడం కంటే రాకపోవడమే నయమని చాలాసార్లు అనుకున్నాను. ఉతికిన చొక్కా తొడుక్కుని, చివరి వరసలో కూర్చున్నాడు. "డప్పేది ఊలే?" అని తూరా అడిగితే, "తోలు చిరిగింది" అన్నాడు. తూరా వెనక్కి తిరిగి, "అయితే ఈ రోజు మనమే వాయిద్దాం, ఊలే విని మార్కులేస్తాడు!" అని కేక పెట్టాడు. సీసాలు లేచాయి, చిడతలు లేచాయి. రెండు చిన్నవి, ఒక పెద్దది, ఖాళీ. "హేయ్!"

ఆయన గబుక్కున లేచాడు. "వద్దు, వద్దు" అంటూ రెండు చేతులూ ఊపుతూ వరసల మధ్య దిగొచ్చాడు. పిల్లలు అది తాళం అనుకున్నారు. చేతులు ఎంత ఊపితే అంత గట్టిగా బాదారు. ఆయన ఒకడి చేతిలో సీసా పట్టుకుంటే వాడు ఆనందంగా ఆయన చేత్తో పాటే ఊపాడు. చివరికి స్టాండు ముందుకొచ్చి, చేతులు జోడించి, బస్సులో స్టాపులు అరిచిన గొంతుతో బర్మాలో అరిచాడు. "ఇది శవం ముందు వాయించేది! మావాళ్ళు చచ్చిపోతే వాయించేది! ఆపండి నాయనా!"

ఒక్క క్షణం అంతా ఆగిపోయింది. తను దాచమన్న సంగతి తనే చెప్పేశాడు. ఇంక తలుపులు వేసుకుంటారని ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది.

తూరా అన్నాడు, "శవయాత్రా? భలే! అయితే అవతలివాళ్ళని ఈ రోజు పాతిపెడదాం!"

స్టాండు కప్పు ఎగిరిపోయేంత నవ్వు. ఆ వెంటనే దెబ్బ, ముందుకన్నా రెట్టింపు. వాళ్ళు తలుపులు వేయలేదు, ఇంకా నెత్తిన పెట్టుకున్నారు. అదే ఆయన తట్టుకోలేకపోయాడు. తన తండ్రి నాటి దెబ్బ, ఎంతోమందిని సాగనంపిన దెబ్బ, ఒక జోకైపోయింది. ఆపమంటే ఆపేవాడు లేడు. ఆయన మొదటి వరసలో కూలబడి తువ్వాలు మొహం మీద వేసుకున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆ రోజు నేను గెంతలేదు. ఏం లాభం, అందరూ గెంతుతుంటే బెంచీ దానంతట అదే మమ్మల్నిద్దర్నీ ఎగరేస్తోంది.

గేటు బయట ఆయన నాకోసం ఆగాడు. "పాపా, మీ నాన్నగోరికి సెప్పు తల్లీ. నాను ముట్టుకోనేదని. ఆపమన్నానని. నువ్వు సూసినావు కదా?"

"చూశాను."

"సెప్తావు కదా?"

చెప్పాను, ఆ సాయంత్రమే. నాన్న లెక్క చూసుకుంటూ "ఊ" అన్నాడు. డప్పాయన మళ్ళీ మ్యాచిలకి రాలేదు. కాలేజీలో దెబ్బ మాత్రం ఆగలేదు.

మంచాన పడ్డ మా మామ్మ వానాకాలం చివర్లో పోయింది. నాన్నే స్వయంగా చిమిండైంగ్ వెళ్ళి ఆయన్ని పిలిచి వచ్చాడు. బజారులో నిలబెట్టి మాట్లాడినట్టు కాదు, ఆయన రాగానే గుమ్మం దగ్గర ఎదురెళ్ళి, "రావయ్యా" అన్నాడు. ఆయన మా గుమ్మం ముందు పేపర్లు మంటపెట్టి డప్పు కాచుకున్నాడు. నా వైపు చూడలేదు. తోలు మీద వేలితో మీటి, విని, లేచి నిలబడ్డాడు.

పాడె లేచింది. దెబ్బ పడింది. రెండు చిన్నవి, ఒక పెద్దది.

ఆ ఖాళీలో నా మడమలు లేచాయి. మామ్మని చూస్తూ, కళ్ళనిండా నీళ్ళతో ఉన్నాను, నన్ను పెంచింది ఆవిడే. అయినా కాళ్ళకి అది మ్యాచే. చేతులు ఛాతీ దాకా వచ్చాయి, "హేయ్" పెదాల దాకా వచ్చి ఆగింది. అమ్మ చూసింది. నాన్న చూశాడు. నేల చీలితే దూరిపోదామనిపించింది.

ఆయనా చూశాడు. డప్పు ఆపకుండానే నాలుగడుగులు పక్కకి జరిగి, నాకూ మావాళ్ళకీ మధ్య నిలబడ్డాడు, మైదానానికి పెట్టినట్టే వాళ్ళకి వీపు పెట్టి. నా మొహంలోకి చూస్తూ, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు.

"ఇది మామ్మది, పాపా. నడువు."